పూత మందు

రేపల్లె కాంపౌండరు గారు పోయారన్న కబురు పోయిన నెల బాపట్ల నుంచి వాళ్ల అల్లుడు మొదటి బస్సుకి తెనాలి వచ్చి చెప్పాడు. నేను అప్పుడే ఆసుపత్రిలో మందుల గది తాళం తీస్తున్నాను. వినగానే నాకు ఏడుపు రాలేదు. ఉన్నమాట చెప్పాలంటే భయం వేసింది. ఆయన దగ్గుకి నా చేత్తో మందు కలిపి ఇచ్చి వచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది.

"ఎప్పుడు పోయారు" అని అడగాల్సింది, "మందు తాగారా?" అని అడిగాను. అల్లుడు నా ముఖం వంక వింతగా చూశాడు.

"తాగారండి. రాత్రి కూడా తాగే పడుకున్నారు. తెల్లవారుజామునే లేపబోతే లేరు. గుండె ఆగిందన్నారు డాక్టరు గారు" అన్నాడు.

బాపట్ల వెళ్లే దారంతా ఆ సీసాలో ఏమేం పోశానో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ఇదేం మనిషిరా అని చదివేవాళ్లు అనుకోవచ్చు. అనుకోండి. కానీ ఈ భయానికి తగిన ఉద్యోగం ఒకటుందని నాకు చూపించింది ఆ కాంపౌండరు గారే.

నేను పుట్టు పిరికిని. మాది అమృతలూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. అరవైల్లో నన్ను బాపట్లలో టీచరు ట్రైనింగుకి పంపారు. క్లాసులో పిల్లలందరూ ఒక్కసారి నా వైపు చూసేసరికి చేతిలో సుద్దముక్క విరిగింది. నాలుగో రోజు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. తర్వాత తెనాలిలో బట్టల కొట్లో పెట్టారు. కొలత తప్పుతానేమోనని ఒకే గుడ్డని మూడుసార్లు కొలిచేవాణ్ణి. కొనేవాళ్లు విసుక్కుని పక్క కొట్టుకి పోయేవాళ్లు.

"పొలంలో పామంటే భయం, బళ్లో పిల్లలంటే భయం, కొట్టులో కత్తెరంటే భయం. వీడికి సరిపడే ఉద్యోగం దేవుడు ఇంకా పుట్టించలేదు" అనేవాడు మా నాన్న, వచ్చిన చుట్టాలందరి ముందూ. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఉద్యోగం నిలబడ్డాకే అమ్మాయిని కాపురానికి పంపుతామన్నారు మామగారు. ఆ పరిస్థితిలో, ఇదీ పోతే ఇక మరోటి లేదనుకుంటూ, రేపల్లెలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు గారికి సహాయంగా చేరాను.

ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. పొట్టి మనిషి, పొట్టి చేతుల తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిలు. మందు సీసా బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి దాని పేరు పైకి చదివేవారు. ముప్పై ఏళ్లుగా అదే సీసా అయినా సరే చదివేవారు. కలిపిన మందుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేవారు. ఇక చివరిది, అందరూ నవ్వుకునేది, అప్పజెప్పించుకోవడం. ఎంత పెద్దమనిషైనా బల్ల ముందు నిలబడి మందు ఎలా వాడాలో తిరిగి అప్పజెప్పాల్సిందే. "ఎక్కాలు అప్పజెప్పినట్టు ఇదేం గోలయ్యా" అని మోతుబరులు విసుక్కునేవారు. "చెప్పడం కాదండీ మన పని, చెప్పించుకోవడం" అనేవారాయన. నాకు మాత్రం పెద్దవాళ్లని అలా నిలబెట్టి అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లారు. నిజాంపట్నం నుంచి వచ్చిన ఒకావిడకి డాక్టరు గారు రాసిన మందు నేనే ఇచ్చాను. వాళ్లాయన మోకాళ్ల నొప్పులకి పైన రుద్దుకునే మందు అది. నాలుగు చెంచాలు కడుపులోకి పోతే మనిషి దక్కడు. ఆ రోజుల్లో సీసాలు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకునేవారు కాబట్టి తాగే మందుకీ రుద్దే మందుకీ సీసాలో తేడా ఉండదు. ఆవిడకి చదువు రాదు. "ఇది పూత మందమ్మా" అని చెప్పి పంపేశాను. అప్పజెప్పించుకోలేదు.

కాసేపటికి అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన సాయం చేసినవాడిలా నవ్వుతూ అన్నాడు. "ఆ పిల్ల పూటకెంత తాగాలని నన్నడిగిందబ్బాయ్. అందరికీ చెప్పేదే గదా, పూటకి రెండు చెంచాలని చెప్పా."

నేను పూత అన్నాను. ఆవిడ పూట అని విన్నది.

కాంపౌండరు గారి ఇంటికి పరిగెత్తి, వాకిట్లోనే ఏడుస్తూ చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. బస్టాండులో నిజాంపట్నం బస్సు వెళ్లిపోయి చాలాసేపైంది. ఆయన సైకిలు నా చేతికిచ్చి, వెనక క్యారేజీ మీద కూర్చుని, "తొక్కు" అన్నారు.

అంత దూరం ఎలా తొక్కానో నాకు తెలియదు. ప్రతి మలుపులోనూ ఏడుపు వినిపిస్తున్నట్టే ఉండేది. ఒక మనిషిని చంపేశానని, మా ఆవిడ ఇక నా గడప తొక్కదని, సైకిలు వదిలేసి ఎటైనా పారిపోదామని కూడా అనుకున్నాను. వెనక ఆయన నా చొక్కా పట్టుకుని ఉన్నారు.

అడుగుతూ అడుగుతూ వెళ్తే ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూ కనిపించింది. మమ్మల్ని చూసి కంగారుపడి లేచింది. "ఆయనింకా వేట నుంచి రాలేదయ్యా. రేపొత్తాడు. మందు అటక మీద పెట్టా, పిల్లలు ముట్టుకుంటారని" అంది. నేను ఆ ఇసకలోనే కూలబడ్డాను.

కాంపౌండరు గారు సీసా తెప్పించి ఆవిడ చేతిలో పెట్టారు. "తప్పు మాది తల్లీ, సరిగ్గా చెప్పలా. ఇది మోకాలికి రుద్దేది. తాగేది కాదు. ఏదీ, అప్పజెప్పు."

"మోకాలికి రుద్దాలి. తాగకూడదు."

"ఇంకోసారి."

వచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ, రేపట్నుంచి రానని చెప్పాను. ఈ పని నాలాంటి పిరికివాడికి కాదన్నాను.

"పిరికోడివి కాబట్టేరా నీకు చెమటలు పట్టింది. ధైర్యవంతుడైతే 'ఏం కాదులే' అని బల్ల దగ్గరే కూర్చునేవాడు. ఆ భయాన్ని చేతుల్లోంచి తీసి కళ్లలో పెట్టుకో, చాలు. రేపు పెందరాళే రా" అన్నారు.

వెళ్లాను. ఆ రోజు నుంచి ఆయన పూత అనే మాట మానేశారు, రుద్దేది అనే అన్నారు. ఆర్నెల్లకి మా ఆవిడ కాపురానికి వచ్చింది. నా చేత కాంపౌండరు పరీక్షకి కట్టించి, తెనాలి ఆసుపత్రిలో పని దొరికేదాకా ఆయనే వెంటపడ్డారు. బట్టల కొట్లో అందరూ విసుక్కున్న ఆ మూడు కొలతల మనిషి ఇక్కడ పనికొచ్చాడు. ఇప్పటికీ నాకు రోజూ భయమే. కానీ పొద్దున్నే ఆ తాళం తీయడమంటే ఇష్టం.

చివరిసారి బాపట్లలో కూతురింట్లో ఆయన మంచం పక్కన, మోతాదుకో గీత చొప్పున కాగితం అంటించిన మందు సీసా పెట్టి, లేవబోయాను. "అప్పజెప్పించుకోవేంట్రా?" అన్నారు. మీ దగ్గరా అన్నాను సిగ్గుపడుతూ. ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని, చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా అప్పజెప్పారు. "రోజుకి మూడుసార్లు. అన్నం తిన్నాక, గీతకి గీత. తాగేది. రుద్దేది కాదు."

ఆయన పోయిన రోజు, కాటికి తీసుకెళ్లాక ఆ గదిలోకి వెళ్లాను. సీసా కిటికీలో ఉంది. నేను కత్తిరించి అంటించిన కాగితం మీద మందు సరిగ్గా గీతకి గీత దిగి ఉంది, ఇంకా రెండు గీతలు మిగిలాయి. తీసి, దాని మీది పేరు పైకి చదివాను. వెలుతురుకి ఎత్తి చూశాను. తిరిగి పెట్టేటప్పుడు ఇంకోసారి చదివాను.