ముందు వరుసలో తువ్వాల

ఏడో తరగతిలో బడి మానేసేదాకా చివరి బెంచీ నాదే. ముందు కూర్చోమన్న సారు ఒక్కరూ లేరు. అందుకేనేమో, ముందు సీటు ఖాళీగా కనబడితే నా చెయ్యి ఊరుకోదు. జనగామ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టడంలో నన్ను మించినవాడు లేడు.

పోయినేడు శ్రావణంలో నేనూ, నా భార్య సరోజనా టూరు వాళ్ళతో మలేషియా వెళ్ళాం. పెనాంగ్‌లో ఒక సాయంత్రం వీధిలో చైనా వాళ్ళ పాటల కచేరీ జరుగుతోంది. జనం కిక్కిరిసి ఉన్నా ముందు వరుస కుర్చీలన్నీ ఖాళీ. రోజంతా నడిచి సరోజన మోకాళ్ళు పట్టేశాయి. వెంటనే తువ్వాల విసిరి ఆమెను కూర్చోబెట్టి, పక్కన నేనూ కాలు మీద కాలు వేసుకున్నాను.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. మా గైడు, అక్కడే పుట్టిన తమిళాయన, పరుగున వచ్చి వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

"లేవండి సార్. చచ్చిపోయినవాళ్ళు ఈ నెలలో వస్తారని వీళ్ళ నమ్మకం. ఈ వరుస వాళ్ళది."

"ఖాళీగనే ఉన్నయి గద అన్నా?"

"ఖాళీ లేవు సార్. మీరు ఎవరి ఒళ్ళోనో కూర్చున్నారు."

దిగ్గున లేచాను. తువ్వాల అక్కడే వదిలేసి, ఆ కుర్చీకి దండం పెట్టి, సరోజన చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచాను. నా వెంట ఎవరైనా వస్తారేమోనని టూరు అయ్యేదాకా భయమే.

తిరిగొచ్చాక జనగామలో బస్సెక్కితే ఒక సీటు ఖాళీగా ఉంది. కూర్చోబోయి, ముందు చేత్తో తడిమి చూస్తున్నాను. సరోజన అన్నది:

"ఇగ కూసోరాదయ్యా. మన బస్సులల్ల దయ్యాలకు గూడ సీటు దొరకది, నిలవడే పోతయి."