రాజలింగం గీయలేని గీత

రాజలింగం పొద్దున లేవగానే కుడి అరచేయి చూసుకుని, వేములవాడ రాజన్నను తలచుకుని, ఆ చేతిని కళ్లకద్దుకునేవాడు. ఇక మధ్యాహ్నం దాకా ఆ చేత్తో బరువు ముట్టేవాడు కాదు. చెంబు ఎడమచేత్తోనే, తలుపు గడియ ఎడమచేత్తోనే. బరువెత్తిన చేయి వణుకుతుంది, వణికిన చేతికి గీత వంకర పోతుంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ట్రేసర్‌గా ఉన్నన్నాళ్లూ అదే నియమం. కొలువు దిగి, తార్నాకలో రెండు గదుల పెంకుటింట్లో చేరాక కూడా మానలేదు. వీధి చివరి నల్లా నుంచి నీళ్లు మోసేది ఆయన భార్య బుచ్చవ్వ.

"నీ చెయ్యేమన్న దేవుని పల్లకా? దింపితే మైలపడ్తదా?" అని నవ్వేది. నవ్వుతూనే బిందె దించేది. ఒక్కనాడూ సాయం రమ్మనలేదు.

ట్రేసర్ పనంటే ఇంతే: ఇంజనీరు పెన్సిలుతో గీసినదాని మీద పలుచటి కాగితం పరచి, ఇంకుతో మళ్లీ గీయాలి. కింద ఉన్నది పైకి రావాలి, లేనిది రాకూడదు. రాజలింగానికి అది పని మాత్రమే కాదు, ధర్మం కూడా.

పక్క వాటాలో ఇన్నయ్య అనే క్రైస్తవుల అబ్బాయి అద్దెకుండేవాడు. యూనివర్సిటీలో న్యాయశాస్త్రం మీద పరిశోధన చేసేవాడు. పొద్దున్నే బైబిలు పైకి చదువుకునే అలవాటు అతనిది. గోడకు ఇవతల రాజలింగం పూజగంట మొదలైతే, అది ఆగేదాకా వేలు పేజీలో పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ అడిగింది కాదు, తనకు తానుగా పెట్టుకున్న మర్యాద. పంతొమ్మిది వందల అరవై ఏడు వానాకాలంలో అతనే రాజలింగాన్ని మళ్లీ పనిలోకి దింపాడు.

"కాకా, నా పుస్తకంల పటాలు గీసియ్యాలె. దేశం హద్దు గీయి. ఆ హద్దు మీదున్న ఆకాశం గుడ మనదే."

"మీదంటే ఎంత మీద బిడ్డా?"

"గదే తేలలే. విమానం తిరిగేకాడ మనది. రాకెట్ తిరిగేకాడ ఎవ్వనిదీ కాదు. నడుమ గీత యాడున్నదో దునియాల ఎవ్వరూ ఒప్పుకోలే."

"ఒప్పుకోనిది నేనెట్ల గీయాలె?"

"చుక్కలు పెట్టు కాకా. చుక్కలంటే తెల్వదన్నట్టు."

రాజలింగం బుర్ర గోక్కున్నాడు. వర్క్‌షాపులో చుక్కల గీత అంటే, ఆ భాగం ఉంది కానీ ఇటునుంచి కనబడదని. ఇక్కడేమో ఉందో లేదో తెలియదని అట. ఒకే చుక్క, గేటు దాటేసరికి వేరే మాట చెబుతోంది. అయినా పెట్టాడు. పెట్టి, రాజన్నకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ పటాలు చూసి పద్మావతి వచ్చింది. ఆమెదీ యూనివర్సిటీలో పరిశోధనే, గుండెజబ్బుల మీద. పెళ్లయి, ఒక బిడ్డకు తల్లి. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఛాతీ ఎక్స్‌రే ఫిలింల మీద గుండె నీడ అంచును గీయించి, దాని వెడల్పు ఛాతీ వెడల్పులో సగానికి లోపల ఉందా, దాటిందా అని కొలిచేది. సగం దాటితే గుండె పెరిగినట్టు లెక్క. కింద దీపం వెలిగే గాజుబల్ల ఒకటి యూనివర్సిటీలో ఆమె గదిలో ఉండేది. రాజలింగానికి కిటికీ పక్కన కుర్చీ వేయించి, కంటికి ఎండ పడకుండా తన పాతచీర ముక్క కట్టించింది.

మొదటి ఫిలింతోనే తికమక మొదలైంది.

"అమ్మా, గుండె కింది అంచు లేనే లేదు. అంతా తెల్లగ కల్సిపోయింది."

"ఉన్నది, నీడలో కనిపిస్తలేదు. రెండు పక్కల వంపు చూసి, నడుమ మీరే కలపాలె."

"ఇన్నయ్యేమో లేనిదానికి చుక్కలు పెట్టుమంటడు. నువ్వేమో కనబడనిదాన్ని గీయమంటవు. నేను పరేషానయితున్న తల్లీ."

గుమ్మంలో నిలబడి వింటున్న ఇన్నయ్య పకపకా నవ్వాడు. "నా ఆకాశం కన్న మీ గుండెనే నయం అక్కా, రెండు దిక్కులన్న హద్దున్నది!"

అతను ఊరికే రాలేదు. ఎగిరే విమానంలో ప్రయాణికుడు గుండె ఆగి చనిపోతే కంపెనీది తప్పా కాదా అన్న అధ్యాయం రాస్తున్నాడు. ముందే పెరిగిన గుండె ఫిలింలో తెలుస్తుందా అని పద్మావతిని అడగడానికి వచ్చాడు. తెలుస్తుందని ఆమె చెప్పింది.

"అంటే నేల మీదున్నప్పుడే ఎవరన్న చూసి చెప్పి ఉంటే, ఆ మనిషి విమానమే ఎక్కకపోతుండె," అన్నాడు ఇన్నయ్య.

ఎవరో ముక్కూముఖం తెలియని ప్రయాణికుడి కోసం రాజలింగానికి ఆ పూటంతా మనసు బాగోలేదు.

కొన్నాళ్లకు పద్మావతికి ఆరోగ్యవంతుల ఫిలింలు కావలసి వచ్చాయి. జబ్బు లేనివాళ్లు ఆసుపత్రికి రారు కదా. "మా ముసల్ది ఉన్నది, జెరం అంటే ఎర్గదు," అని రాజలింగమే గొప్పగా చెప్పాడు. ఈమధ్య ఆమె బిందెతో దారిలో అరుగు మీద కూలబడుతోంది గానీ, మోకాళ్లని చెబితే నమ్మాడు.

బుచ్చవ్వ కొత్తచీర కట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. వచ్చాక ఆ సంగతి చెబుతూ ఒకటే నవ్వు. "మెడల సొమ్ములు తియ్యమన్నడు ఆ ఫొటో తీసే పిల్లగాడు. పుస్తెలు తియ్యనంటె తియ్య, నీ ఫొటో లేకున్న మానె అన్న. మంచోడు, తల్లి లెక్క చూసిండు. సరే అవ్వా, జర ఎడమదిక్కు చంక కిందికి జరుపుకో అన్నడు. జరుపుకున్న."

ఫిలింలు పద్మావతి దగ్గరికి చేరాయి. వాటి మీద పేర్లుండవు, అంకెలే. కానీ మూడో ఫిలిం గాజుబల్ల మీద పెట్టగానే రాజలింగం చేయి ఆగిపోయింది. తెల్లటి బిళ్లలు రెండు, వాటి పక్కన గుండ్లు. ముప్పై ఏళ్ల కింద తాను కట్టిన పుస్తెలు. సరిగ్గా గుండె అంచు మీద, అది అన్నిటికన్నా వెడల్పయ్యే చోట కూర్చున్నాయి.

స్కేలు పెట్టి చూశాడు. బిళ్లలకు ఇవతలగా గీత పోతే సగానికి లోపల. అవతలగా పోతే సగం దాటుతుంది.

పెన్సిలుతో గీశాడు. ఇవతలగా పోయింది. తుడిచి, ఈసారి వంపును పైనుంచి జాగ్రత్తగా పట్టుకొచ్చాడు. మళ్లీ ఇవతలే. ఇంకోసారీ అంతే, అదీ తుడిచేశాడు. చేయి రవ్వంతైనా వణకలేదు. అది చూసే ఆయనకు భయం వేసింది. ఇది కింద ఉన్న గీతా, తనకు కావలసిన గీతా? రాజన్నా, ఎటు గీయాలో చెప్పు తండ్రీ అని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిస్తే పుస్తెలు అట్లాగే మెరుస్తున్నాయి. అరుగు మీద కూలబడిన మనిషి కళ్లలో మెదిలింది. మోకాళ్లేనా? మోకాళ్లకు ఆయాసం ఎందుకు వస్తుంది?

పద్మావతి వచ్చి, ముందున్న ఖాళీ కాగితం చూసింది. "ఏమైంది రాజలింగం గారూ?"

ఆయన వేలు పెట్టి చూపించాడు. "మా బుచ్చవ్వ."

ఆమె వంగి చాలాసేపు చూసింది. బిళ్లల కింద ఏముందో ఆమెకూ తెలియలేదు. "దీన్నిబట్టి నేను చెప్పలేను. ఇంకో ఫిలిం తీయిద్దాం. ఐదు నిమిషాలు పుస్తెలు తీసి పెట్టమని ఆమెకు చెప్పండి."

"ఎవరు చెప్పాలె?"

"మీరే. ఇంకెవరు చెప్తరు?"

రాజలింగం చేతిలో స్కేలు పక్కన పెట్టాడు. వాళ్ల ఊళ్లో ఆ మాట మొగుడి నోట రాకూడదు. కట్టినవాడే తీయమంటే, నేను లేననుకో అన్నట్టే. తాడు పాతబడి కొత్తది గుచ్చుకోవలసి వచ్చినప్పుడు కూడా, పసుపుకొమ్ము దారానికి కట్టి ముందు మెడలో వేసుకుంటారు, ఆ తర్వాతే పుస్తెలు తీస్తారు. అదీ ఇంకో ముత్తైదువ చేతి మీదుగా. మొగవాళ్లు అటువైపు కూడా చూడరు. చెప్పకపోతేనేమో, ఆ బిళ్లల కింద ఏముందో ఎప్పటికీ తెలియదు.

ఫిలింను రెండు చేతులా తీసి పద్మావతికి అందించాడు.

"బిడ్డా, నన్నేమనుకోకు. రేపు పొద్దుగాల ఒక్కసారి మా ఇంటికి రా. పసుపుకొమ్ము, దారం నేను తెచ్చి పెడత. నువ్వు ఆమె మెడల కట్టి, పుస్తెలు తియ్యమని నువ్వే చెప్పు. ఆడబిడ్డవు, నీ మాటింటది. గుండె పెద్దగైందని తేలితే ఆ మాట నేను చెప్త. ఈ ఒక్క మాట మాత్రం నువ్వు చెప్పు తల్లీ."