పొదకు చెవులు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చిన కొత్త, పైగా పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఏ రంగు ఏ భావం చెబుతుందో ఎక్కడో ఒక వ్యాసం చదివాను. ఇక నా ముందు ఎవరైనా రంగు మాటెత్తితే వాళ్ళ పని అయిపోయినట్టే. ఎరుపంటే భయం, ఆకుపచ్చంటే అమ్మ ఒడి. (మా అమ్మ ఒడి ఎప్పుడూ పసుపు, నూనె మరకలతోనే ఉండేది. అయినా వ్యాసాన్నే నమ్మాను.) బళ్ళారి బ్రూస్‌పేటలో పెళ్ళికార్డులు అచ్చేసే పెద్దాయన ఒకరు, పిల్లల పుస్తకాలు కూడా వేద్దామని సరదాపడి నన్ను బొమ్మలు గీసే పనిలో పెట్టుకున్నారు. చాటుగా ఆయన్ని కార్డులప్ప అనేవాళ్ళం.

నా మొదటి పుస్తకం తప్పిపోయిన మేకపిల్ల కథ. మాటలుండవు, రంగులే మాట్లాడాలి. మొదటి పుట నిండా ఎరుపు, అందులో ఒంటరిగా మేకపిల్ల. పుట తిప్పేకొద్దీ ఎరుపు పలచబడి, చివరికి పచ్చని మైదానంలో తెల్లటి తల్లిమేక ఎదురుచూస్తూ ఉంటుంది. కార్డులప్ప చూసి, "ఇంత ఎరుపు యాలమ్మా? పెండ్లికార్డు అనుకుంటారు" అన్నారు. "ఎరుపంటే భయం సార్, మీకు తెలీదు" అన్నాను. "అట్లయితే ఇన్నేండ్లూ నేను పెండ్లిండ్లకు భయాన్నే అచ్చేసినానా?" అన్నారు. (పెళ్ళయినవాళ్ళు ఎవరూ నవ్వకండి.) చివరికి ఆయనే, "సండూరు బడిలో పిల్లోళ్ళకు చూపించుకోని రా పో. వాళ్ళకు అర్థమైతే అచ్చేస్తా. కాకుంటే ఈ పుస్తకాలూ బంద్, నీ పనీ బంద్" అని తేల్చేశారు. ఆ పని పోతే నన్ను పెళ్ళిచూపులకు కూర్చోబెట్టడానికి మా మేనత్త చాపతో సహా సిద్ధంగా ఉంది. అందుకే బస్సెక్కాను. దిగేసరికి ఇనుప ఖనిజం లారీల దుమ్ముకు నా తెల్ల చుడీదారు ఇటుక రంగుకు తిరిగింది. అప్పుడైనా నా బుర్రకు తట్టొద్దూ? తట్టలేదు.

తరగతిలో మొహమంతా భయం పులుముకుని మొదటి పుట చూపించాను. ముందు వరుసలో ఒక పిల్ల హాయిగా నవ్వింది.

"ఏమ్మా, మేకపిల్లను చూస్తే పాపం అనిపించలేదా?"

"పాపం యాల మిస్? అది వాళ్ళింటికాడే ఉండాది కదా!"

"ఇల్లని నీకెవరు చెప్పారు?"

"చూడు మిస్, నేల ఎర్రగ, చెట్టు ఎర్రగ. మా యమ్మ గనికాడ నుంచి వస్తే ఇట్లే ఎర్రగుంటాది. పోయి వాటేసుకుంటే నేనూ ఎర్రగైతా."

నేను ఊరుకుంటానా? రెండో తరగతి పిల్లతో సగం పీరియడు వాదించాను. పచ్చ పుట తెరిచేసరికి మాత్రం పిల్లలంతా బెంగగా ముందుకు వంగారు. "అయ్యో, యాడికో వచ్చేసిండాది. యా ఊరో ఏమో" అంది ఆ పిల్లే. "పక్కనే వాళ్ళమ్మ ఉందిగా?" అన్నాను, తల్లిమేక మీద వేలు పెట్టి. "అది వాళ్ళమ్మ కాదు మిస్. ఇంత తెల్లగుండాది!"

తిరుగు బస్సులో నా ఉద్యోగం, మేనత్త చాప కళ్ళముందు ఆడుతుంటే, ఏం తోచక పుస్తకాన్ని వెనక నుంచి తిప్పాను. పచ్చటి పరాయి చోట మొదలై, మేకపిల్ల ఒక్కో పుటా దాటుతూ ఎర్రటి ఇంటికి చేరుకుంటోంది! బస్సులోనే గట్టిగా నవ్వేశాను. మరుసటిరోజు కార్డులప్పతో, "పిల్లలకు పూర్తిగా అర్థమైంది సార్, వెనక నుంచి" అన్నాను. ఆయన పుటలు అటూ ఇటూ తిప్పి, "ఆయ్తు, అట్లే కానీ, వెనక నుంచే కుట్టేద్దాం. ఈ తల్లిని ఏం చేస్తావు మరి?" అన్నారు. ఏం చేస్తాను? ఎర్ర పుటలో ఎర్రటి తల్లిమేకను గీశాను, పచ్చ పుటలో ఉన్నదాని మీద గబగబా ఒక పొద వేసేశాను. మళ్ళీ సండూరు తీసుకెళితే, ఎర్ర పుట రాగానే తరగతంతా "అమ్మొచ్చె!" అని అరిచింది. పుస్తకం అచ్చయింది. మేనత్త చాప చుట్టేసింది.

మొన్న మా తమ్ముడి కూతురు అటక మీద దొరికిన ఆ పుస్తకం పట్టుకొచ్చింది. "అత్తా, ఈ పొదకు చెవులు యాలుండాయి?" చూద్దును కదా, ఆకుల మధ్య నుంచి రెండు తెల్లటి చెవులు! ఆ తొందరలో కప్పడం మరిచిపోయాను. "మేకపిల్ల ఏడిస్తే వినేదానికే" అన్నాను, ఏమాత్రం తడబడకుండా. "మరి పలకదేం?" అంది. నేను పుట తిప్పేశాను. పోనీలే అనుకున్నాను. ఆ రోజుల్లో నోరు తప్ప మరేమీ లేని నాబోటి పిల్ల, కనీసం ఒక పొదకైనా రెండు చెవులు మిగిల్చింది.