మంత్రిగారి దుబాసీ

మంత్రిగారి పక్కన కూర్చునే దుబాసీకి చేతులు కుదురుగా ఉండవు. విదేశీ సలహాదారు మాట్లాడుతున్నంతసేపూ చొక్కా గుండీ మెలిపెడుతూనే ఉంటాడు. ఊడినవి కుట్టలేక వాళ్ళావిడ తల పట్టుకుంటుంది. ఈమధ్య అతను తర్జుమా చెయ్యకముందే మంత్రిగారు తలూపేస్తున్నారు. ఇవాళ రేవు అప్పగింత మీద చర్చ. సలహాదారు మెడ తుడుచుకుంటూ, గదిలో ఉక్కగా ఉందని తన భాషలో అన్నాడు.

"అలాగేనండీ, రేవు మీకే ఇచ్చేద్దాం," అనేశారు మంత్రిగారు.

దుబాసీ తమ్ముడి ఉద్యోగం ఆ రేవులోనే. గొంతు సవరించుకుని, "కిటికీ తీయిస్తారట," అని సలహాదారుకి అతని భాషలో చెప్పాడు.

సలహాదారు నవ్వి, మొదటిసారి మన భాషలో నోరు విప్పాడు. "రేవు సంగతి విన్నాన్లే. ఆ కిటికీ కూడా తియ్యి."

ఊడొచ్చిన గుండీని గుప్పిట్లో బిగించి, దుబాసీ లేచివెళ్ళి కిటికీ తీశాడు.