యాభై ఎనిమిది శాతం అవకాశం

మేనేజ్‌మెంటు కాలేజీల ప్రవేశ పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా రానివాణ్ని నేను. బహుశా ఆ అర్హత చూసే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. ఉప్పల్ మెట్రో స్టేషన్‌కు ఎదురుగా ఒక బిల్డింగు. కింద టిఫిన్ సెంటరు, దాని పైన కళ్లద్దాల షాపు, ఆ పైన మేము. దేశంలో పేరుమోసిన బిజినెస్ స్కూళ్లలో సీటు వచ్చే అవకాశం ఎవరికి ఎంత ఉందో అంచనా వేసి చెప్పడం మా వ్యాపారం. తాను దూర సందు లేదు, మెడకో డోలు అంటారు కదా. ఆ డోలు వాయించినందుకు నాకు నెలనెలా జీతం కూడా వచ్చేది.

వచ్చినవాళ్లు ముందు ఒక ఫారం నింపేవాళ్లు. పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి ఇప్పటి ఉద్యోగం దాకా, ఆడిన ఆటలు, చేసిన సమాజసేవ, అన్నీ రాయాలి. సమాజసేవ గడి దగ్గరికి వచ్చేసరికి అందరూ పెన్ను కొరుక్కుంటూ ఆగిపోయేవాళ్లు. చివరికి చాలామంది మొక్కలు నాటామని రాసేవాళ్లు. వాళ్లంతా నిజంగా నాటి ఉంటే ఉప్పల్ రింగు రోడ్డు ఈపాటికి అడవి అయి ఉండాలి. నేను ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లో వేసి, ఐదు కాలేజీల పేర్లకు ఎదురుగా ఐదు శాతాలు, అడుగున మొత్తానికి కలిపి ఒక శాతం రాసి, రంగు కాగితాల మీద ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేయించి ఇచ్చేవాణ్ని.

ఆ అడుగున రాసే అంకె విషయంలో మా యజమాని నియమం ఒకటి ఉండేది. చేరిన రోజే తన గ్లాసు క్యాబిన్‌లో కూర్చోబెట్టి చెప్పాడు.

"నలభై అయిదుకు తక్కువ రాయకు. అరవై అయిదుకు ఎక్కువ రాయకు. తక్కువ జెప్తే మనిషి మెట్లు దిగి పోతడు. ఎక్కువ జెప్తే రేపు సీటు రాకుంటె వచ్చి గల్లా పట్టుకుంటడు. నడుమ జెప్పు. నడుమ జెప్పినోన్ని ఎవడూ తిట్టడు."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మొదటి వారం నాకు సిగ్గేసింది. రెండో వారానికి అలవాటైంది. మూడో నెల వచ్చేసరికి కంప్యూటర్‌ను అడగడం కూడా మానేశాను. ఫారం మీద ఒక చూపు, మనిషి మీద ఒక చూపు వేసి యాభై మూడు అనో, యాభై ఏడు అనో రాసేసేవాణ్ని. నా వంతుగా నేనొక నియమం చేర్చాను కూడా. సున్నాతో, ఐదుతో ముగిసే అంకె వేయకూడదు. యాభై అంటే ఉజ్జాయింపు అనుకుంటారు. యాభై మూడు అంటే వెనక ఏదో పెద్ద లెక్క ఉందనుకుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఒకసారి చర్లపల్లి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కొడుకును తీసుకుని వచ్చాడు. కొడుక్కి యాభై మూడు వేశాను. ఆయన ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని, "ముప్పై అయిదుకే పాస్ గద సార్. యాభై మూడంటె మంచిగనే పాసయిండు," అన్నాడు. అది మార్కు కాదు, అవకాశం అని చెప్పబోయాను. క్యాబిన్‌లోంచి మా యజమాని చూపు నా మీద పడింది. ఊరుకున్నాను. మర్నాడు ఆ తండ్రి ఆఫీసులో అందరికీ లడ్డూలు తెచ్చిపెట్టాడు. నేను రెండు తిన్నాను.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఫ్యాక్టరీ నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది. నాచారంలో మోటారు పంపుల భాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. అంటే మెషీన్ మీద తయారైన ముక్క సరిగ్గా చెప్పిన సైజులో ఉందా లేదా అని కొలిచి చూడటం ఆమె పని. పుట్టింది, పెరిగింది అంతా నాచారమే. వాళ్ల తాత జొన్న వేసిన చేను మీదే ఇప్పుడు ఆమె కంపెనీ షెడ్డు ఉందని నవ్వుతూ చెప్పింది. నాన్న ఆ కంపెనీ బస్సుకే డ్రైవరు. ఆమె సర్కారు బడిలో పది, తర్వాత పాలిటెక్నిక్, ఆ తర్వాత ఇంజనీరింగు చదివింది. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. సమాజసేవ గడిలో స్పష్టంగా "లేదు" అని రాసింది. నేను పనిచేసిన కాలంలో ఆ మాట రాసిన మనిషి ఆమె ఒక్కతే.

ఫారం నా ముందు పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన సంగతి చెప్పింది.

"సార్, మా కంపెనీల నాకు సెక్షన్ ఇంచార్జి పోస్టు ఇస్తమంటున్నరు. ఇప్పటిదాంక ఆడమనిషికి ఇయ్యలేదు ఆ పోస్టు. కానీ రెండేండ్లదాంక ఇడ్సిపెట్టి పోనని బాండ్ రాసియ్యాలంట. సోమవారంకల్ల జవాబు జెప్పాలె. నాకేమొ ఈసారి ఎట్లన్న జేసి ఎంబీయే సదవాలని ఉంది. సీటొచ్చేటట్టుంటె బాండ్ ఎట్ల రాసిస్త? అందుకనే అడుగుతున్న. జర నిజం జెప్పుండ్రి."

నిజం చెప్పమని అడిగేవాళ్లు మాకు రోజూ వచ్చేవాళ్లు. నిజం కావాలన్నవాళ్లకు కావలసింది నిజం కాదని అప్పటికే నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఫారం చూశాను. ప్రవేశ పరీక్షలో మార్కులు బాగానే ఉన్నాయి, కాకపోతే ఆ ఐదు కాలేజీల గేటు దాకా వెళ్లేంత బాగు కాదు. పైగా ఆ కాలేజీలు పదో తరగతి మార్కులు కూడా లెక్కలోకి తీసుకుంటాయి. రేపు పెద్ద కంపెనీలు నడపబోయే మనిషికి పదిహేనో ఏట సోషల్‌లో ఎన్ని వచ్చాయన్నది వాళ్లకు ముఖ్యం. ఈమెకు బొటాబొటిగా వచ్చాయి. ఫారం చదవడం అయ్యేసరికి నా మనసుకు తట్టిన అంకె ఎనిమిది. కంప్యూటర్‌ను అడిగినా ఒకటి అటో ఇటో అదే చెప్పేది.

నలభై ఏడు రాద్దామనుకున్నాను. నలభై ఏడంటే ఆమె బాండ్ మీద సంతకం పెట్టేస్తుంది. బాండ్ రాసిచ్చిన మనిషి, డబ్బు తీసుకుని కాలేజీల దరఖాస్తులు మేమే రాసిపెట్టే అప్లికేషన్ ప్యాకేజీ ఎందుకు తీసుకుంటుంది? యాభై ఎనిమిది రాశాను.

ఆమె ఆ అంకెను చాలాసేపు చూసింది.

"అంటె సగం కంటె ఎక్కువే గద సార్?"

"ఎక్కువే మేడమ్. ఫికర్ జెయ్యకుండ్రి."

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. పోస్టు వద్దని చెప్పేసిందట. మేనేజరు రెండుసార్లు అడిగాడట, మంచిగా ఆలోచించుకో అని. ఆలోచించుకునే చెప్తున్న సార్ అందట. గొంతులో సంతోషం, భయం రెండూ వినబడుతున్నాయి. శుభాకాంక్షలు చెప్పి ఫోన్ పెట్టేశాను. లోపల ఎక్కడో చురుక్కుమంది. కిందికి దిగి టీ తాగాను. వేడివేడిగా దోసె వేస్తున్నారు, అదీ తిన్నాను. తిన్నాక ఆ చురుకు తగ్గింది.

తర్వాత రెండు నెలలు ప్రతి ఆదివారం వచ్చేది. తనకు ఈ చదువు ఎందుకు కావాలో ఆమె ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకుని వచ్చింది. చిన్న చిన్న వాక్యాలు. "మా షెడ్డులో ఏ నెల ఎన్ని ముక్కలు చేయాలో ఎవరో చెబుతారు. ఆ చెప్పేవాళ్లు ఎవరు, ఏం చూసి చెబుతారు, నాకు తెలియాలి" అని దాని అర్థం. ఇప్పుడు తలచుకుంటే ఆ ఐదు కాలేజీల్లో చదివి బయటికొచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ ప్రశ్న తట్టి ఉంటుందో అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేను ఆ వాక్యాలన్నీ కొట్టేసి, ప్రపంచ సరఫరా వ్యవస్థలో మార్పుకు నాయకత్వం వహించాలన్నది ఆమె చిన్ననాటి కల అని రాశాను. ఆమె చదువుకుని తలెత్తింది.

"సార్, ఇది నేనేనా?"

"ఇంగ్లీషుల మీరే మేడమ్," అన్నాను. మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఐదు కాలేజీలూ వద్దన్నాయి. ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు. ఆ సంగతి ఆమె మెసేజిలో ఒక్క ముక్కలో చెప్పింది. నేను ఫోన్ చేసి ఒక మాట మాట్లాడాల్సింది. చేయలేదు. తేలు కుట్టిన దొంగలా గప్‌చుప్‌గా ఉండిపోయాను. పదిహేను రోజులు గడిచాక, ఇక రాదులే అనుకున్నాను.

వచ్చింది. ఈసారి పొద్దున పదకొండింటికి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. అందులోంచి ఐదు స్పైరల్ బైండింగులు తీసి నా టేబుల్ మీద వరసగా పరిచింది. ఒకటి తనది. మిగతా నాలుగూ తనతో ఇంజనీరింగు చదివిన స్నేహితులవి. మంచిగా చెప్తారని ఆమె మాట మీదే వాళ్లంతా మా దగ్గరికి వచ్చారట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఐదింటికీ చివరి పేజీ తెరిచి పెట్టింది. యాభై రెండు, అరవై ఒకటి, యాభై ఎనిమిది, యాభై ఏడు, యాభై నాలుగు. వాళ్లలో ఎవరికీ పిలుపు రాలేదు.

గొడవకే వచ్చిందనుకున్నాను. గొడవలకు చెప్పాల్సిన మాటలు మా దగ్గర సిద్ధంగా ఉండేవి. పోటీ ఎక్కువైంది, కటాఫ్ పెరిగింది, అంతా అదృష్టం. కానీ ఆమె గొంతు పెంచలేదు.

"సార్, మా దగ్గర గంటకొకపారి మెషీన్ మీదికెల్లి అయిదు ముక్కలు తీస్కొని కొలవాలె. కొలిచింది రిజిస్టర్ల రాయాలె. కొంతమంది లేవరు. స్టూల్ మీద కూసునే రాస్తరు. గట్ల రాసినోన్ని ఎట్ల పట్టుకుంటమొ తెలుసా?"

"ఎట్ల?"

"నిజంగ కొలిస్తె అంకెలు తిక్కతిక్కగ వస్తయి. ఒకటి గటు పోతది, ఒకటి గిటు పోతది. ఒక్కోపారి గీత దాటి బయటికి గూడ పోతది. కూసోని రాసినోని అంకెలు అన్నీ నడుమనే ఉంటయి. మస్తు నీటుగ ఉంటయి." ఐదు కాగితాలనూ నా వైపుకు తిప్పింది. "ఇవి కూసోని రాసినయి సార్."

నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద నాకే మండిందని రాయాలని ఉంది గానీ, ముందు ఆమె మీదే మండింది. ఫ్యాక్టరీలో ఇనుప ముక్కలు కొలిచే మనిషి నా పని తప్పని చెప్పడమేమిటని. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. వచ్చాక మాత్రం అది చెవుల దాకా పాకింది. ఆ రోజే రాజీనామా చేశానని రాస్తే ఈ జ్ఞాపకానికి అందం వచ్చేది. చేయలేదు. ఇంకో ఏడాది అక్కడే జీతం తీసుకున్నాను.

"నాది నిజంగ ఎంతుండె సార్?" అని అడిగింది.

గ్లాసు క్యాబిన్‌లో మా యజమాని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను గొంతు తగ్గించాను.

"ఎనిమిది."

ఆమె తల ఊపింది. ఏదో ముక్క సైజు చెబితే విన్నట్టు విన్నది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. తిడితే బాగుండేది. ఇంచార్జి పోస్టు ఎవరికిచ్చారని అడిగాను. తన తర్వాత మూడేళ్లకు చేరినతనికి ఇచ్చారట. కొలవడం అతనికి నేర్పింది ఈమే.

"మంచోడే పాపం. నన్ను అక్కా అనే పిలుస్తడు. షిఫ్టులు మాత్రం ఆయనే ఏస్తడు. ఈ వారం నాకు సెకండ్ షిఫ్ట్ ఏసిండు," అంది.

నా దగ్గర ఒక్క సాకు మిగిలి ఉంది. అది నేను పూర్తిగా నమ్మిన సాకు. ఆ ఉద్యోగంలో నన్ను నిద్రపోనిచ్చింది అదే.

"ఎనిమిదని జెప్పుంటె మీరు అసలు అప్లై గూడ జెయ్యకపోతుండె మేడమ్. ఆశనే పోతుండె. అందుకనే..."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇంత చిన్న సంగతి ఇతనికి తెలియలేదా అన్నట్టు చూసింది.

"ఎనిమిదన్నా అప్లై జేస్తుంటి సార్," అంది. "బాండ్ మీద సంతకం గూడ పెడుతుంటి. సీటొస్తె అప్పుడు సూసుకుంటుంటి. రాకుంటె ఇంచార్జిగ ఉంటుంటి."

స్నేహితుల కాగితాలు నాలుగూ మళ్లీ కవరులో పెట్టుకుంది. రెండింటికల్లా షిఫ్టులో ఉండాలని చెప్పి, నాచారం బస్సు కోసం వెళ్లిపోయింది.