బోల్టు లాగిన చెయ్యి

అరవైల చివర్లో, బాపట్ల కాలేజీలో మాకు కవాతు నేర్పే హవల్దారు సైన్యానికొచ్చిన కొత్త రైఫిల్ తెచ్చి చూపించాడు. మా పాత త్రీనాట్‌త్రీ తుపాకీకైతే తూటా తూటాకీ బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, ముందుకి తొయ్యాలి. కొత్తదానికి ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"చైనా యుద్ధానికి ముందే ఇవ్వలేకపోయారా అండి?" అన్నాను.

"ప్రశ్నలొద్దు," అన్నాడు.

రేపల్లెలో ఉండే మా చిన్నాన్నని ఆ యుద్ధానికి పాత తుపాకీతోనే పంపారు. మంచులో చేతితొడుగు తీస్తేగాని బోల్టు పట్టు దొరకలేదట. తీసేసి, లాగుతూనే ఉన్నాడు. చలికి గడ్డకట్టి కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి.

ఆ వేసవిలోనే తెనాలిలో ఒక పెళ్ళి పంక్తిలో ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే, పక్కనున్న పెద్దమనిషి మొహం చిట్లించి తన విస్తరి దూరంగా జరుపుకున్నాడు.