కార్జంలో మొదటి ముక్క

వేలూరు దగ్గర గుడియాత్తంలో పాపాతి పంది మాంసం అంగడి ఆదివారం ఒక్కరోజే తెరుస్తుంది. అది కూడా ఇంట్లో ఒకరు తిన్నాకే. పందిని కోయగానే కార్జంలో ఒక ముక్క తీసి, ఉప్పు రాసి, నిప్పుల మీద అటూ ఇటూ తిప్పి, అంగడి వెనకనున్న ఇంట్లోకి పళ్లెంలో పంపుతుంది. ముక్క లోపల నెత్తురు కనబడాలి. బాగా కాలిస్తే చెడు రుచి దాగిపోతుందట. కోసిన చెయ్యి రుచి చూడకూడదు, ఇంటి మనుషులే చూడాలి. ఇదంతా మామ పాపన్ పెట్టిన కట్టుబాటు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనే తిన్నాడు. పోయాక పాపాతి కూతురు విజి తింటోంది. ఖాళీ పళ్లెం తిరిగొచ్చిందా, తలుపు తెరుచుకుంటుంది.

ముప్పై ఏళ్లలో ఆ మాంసం తిని కడుపునొప్పి అన్నవాళ్లు లేరు. పాపాతి ఆ మాట చెప్పుకుని మురిసిపోయేది. మురిసిపోదూ మరి?

ఆ ఆదివారం వేలూరు కాలేజీలో పరిశోధన చేస్తున్న సింధుజ మొదటిసారి వచ్చింది. చేతిలో చిన్న డబ్బా, అందులో నెత్తురు పరీక్షకి వాడే కాగితపు పుల్లలు. పంది నెత్తురు చుక్క ఒకటి పుల్ల మీద వేసుకుంటానని అడిగింది.

"ముప్పై ఏండ్లుగా కోస్తా ఉండా పాపా. ఈ చేతికి తెలీనిది నీ పుల్లకి తెలుస్తాదా?" అని పాపాతి నవ్వింది.

"పందికి లోపల జబ్బుంటే నెత్తుర్లో ఒక ప్రొటీన్ పెరిగిపోతాది పెద్దమ్మా. మాంసం చూసేదానికి బాగానే ఉంటాది. కంటికి దొరకదు, పుల్ల మీద ఎర్రగీత లేస్తాది."

పాపాతి సరే వేసుకోమంది. పావుగంటకి పుల్ల మీద ముదురు ఎర్రగీత లేచింది. సింధుజ ఇంకో పుల్ల తీసింది. అదీ అంతే.

"అమ్మొద్దు పెద్దమ్మా. ఏం జబ్బో వేలూరులో చూస్తేగాని తెలీదు. దీంట్లోది ఎవురైనా తినినారా?"

పాపాతి చూపు బల్ల మీది పళ్లెం మీదికి పోయింది. అప్పటికే ఖాళీగా తిరిగొచ్చింది. విజికి ఏడో నెల.

సగం పచ్చి ముక్క. తన చేత్తో కాల్చి, తన చేత్తో పంపిన ముక్క. ఇంట్లోకి పరిగెత్తింది. తల దువ్వుకుంటున్న విజి గడ్డం పట్టుకుని నోట్లో వేళ్లు పెట్టబోయింది.

"వాంతి చేసుకో. కక్కేయ్ తల్లీ, కక్కేయ్."

విజి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను తినలేదమా."

"పళ్లెం ఖాళీగా ఉండాది కదే."

"కాలవలో వేసేసినా. కడుపుతో ఉన్నానని తెలిసినప్పట్నించీ ఆ వాసన పడటంలే. ఐదు నెలలుగా అట్లే పారేస్తా ఉండా. చెప్తే నువ్వు అంగడి తెరవవని చెప్పలేదు."

పాపాతి అక్కడే కూలబడి, కూతురి కడుపు మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. యేసయ్యను పదిసార్లు పిలిచింది. బిడ్డ దక్కింది, చాలు అనుకుంది.

కళ్లు తుడుచుకునేసరికి అసలు భయం పట్టుకుంది. ఐదు నెలలంటే ఇరవై ఆదివారాలు. ఇంట్లో తిన్నారన్న ఒక్క నమ్మకంతో ఎంతమంది పిల్లలకు పెట్టారో. అందరికన్నా ముందొచ్చి నిలబడే పక్కవీధి కుప్పమ్మ మూడు వారాలుగా కనబడలేదు. ఇన్నాళ్లూ ఆ సంగతి పాపాతికి తట్టనేలేదు.

బయట జనం తలుపు తడుతున్నారు. పాపాతి లేచి వెళ్లి, తలుపు ఓరగా తీసింది.

"ఈరోజు మాంసం లేదప్పా. ఐదు నెలలుగా మా ఇంట్లో ఎవురూ తినింది లేదు. తినినారని మీకు చెప్తా వచ్చినా." తలుపు పూర్తిగా తీసి జనంలోకి చూసింది. "కుప్పమ్మ యాడ? మీలో ఎవురైనా చూసినారా?"

జవాబు కోసం ఆగకుండా పాపాతి జనాన్ని తప్పించుకుని పక్కవీధి వైపు నడిచింది.